ముందు నువ్వు చెప్పు

మాస్టారు పోయిన కొన్ని వారాలకు ఆయన కుమార్తె నాకొక చిన్న పెట్టె పంపింది. మూత తీయగానే ముందుగా వాసన వచ్చింది. పాత తోలు వాసన, లోహపు వాసన, వాటి అడుగున ఎక్కడో తడిసి ఆరిన సున్నపు వాసన. గుడ్డ మడతలు విప్పక ముందే లోపల ఏముందో నాకు తెలిసిపోయింది. ఆ సున్నం ఆయన చొక్కా జేబుల్లో, వేళ్ల సందుల్లో, విజిల్ తాడులో ఎప్పుడూ ఉండేది. మైదానం మీద గీతలు గీసే మనిషిని అది ఇంటికి వెళ్లినా వదలదు. ఆయన స్టాప్‌వాచ్ ఉంచుకునే తోలు సంచికి కూడా అది అలాగే పట్టుకుని ఉండి, ఇన్నేళ్ల తరువాత, ఆయన లేని ఇంటి నుంచి నా దగ్గరికి వచ్చింది.

అరచేతిలో ఇమిడిపోయే గుండ్రటి గడియారం అది. పైన ఒకే ఒక్క మీట ఉంటుంది. ఒకసారి నొక్కితే నడుస్తుంది, రెండోసారి నొక్కితే ఆగుతుంది, మూడోసారి నొక్కితే ముల్లు సున్నాకు ఎగిరిపోతుంది. ఆ మీటనే గుండ్రంగా తిప్పితే కీ ఎక్కుతుంది. సెకనుకు ఐదు టిక్కులు, గంటకు 18,000. కాబట్టి సెకనులో ఐదో వంతు కంటే చిన్న ముక్కను అది కొలవలేదు. ఇప్పుడు పిల్లల చేతి గడియారాలు సైతం సెకనులో నూరో వంతు చూపిస్తున్నాయి గాని, ఆ టిక్కు టిక్కుమనే చప్పుడు వాటికి లేదు. పందెం మొదలు కాబోయే ముందు మైదానమంతా నిశ్శబ్దమైనప్పుడు, మాస్టారి పక్కన నిలబడిన వాళ్లకు ఆ చప్పుడు స్పష్టంగా వినిపించేది.

గుడ్డ విప్పి చూస్తే చిన్న ముల్లు 18 నిమిషాలు దాటి, పెద్ద ముల్లు 37 సెకన్ల దగ్గర నిలిచి ఉన్నాయి. నేను వాటినే చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఇది ఎవరి పరుగు? ఏ అబ్బాయి 5000 మీటర్లు? ఆయన చివరిసారి ఎవరి కోసం ఆ మీట నొక్కి ఉంటారు? మళ్లీ ఒక్కసారి నొక్కితే ఆ అంకెలు శాశ్వతంగా చెరిగిపోతాయన్న భయంతో గడియారాన్ని గుడ్డలో చుట్టి, యథాతథంగా పెట్టెలో పెట్టేశాను.

*

పాఠశాలలో పరుగు పందేలు ఏవి జరిగినా నేనే చివరిదాన్ని. వయసుకు తగ్గ ఎత్తు లేదు, కాళ్లలో వేగం లేదు. 100 మీటర్ల పందెంలో ఎనిమిది మందిమి గీత మీద నిలబడితే, మిగతా ఏడుగురిలో ఎవరు గెలుస్తారన్న దాని మీదే చూసేవాళ్లు మాట్లాడుకునేవారు. ఎనిమిదో మనిషి సంగతి చర్చించవలసినంత సందేహం ఎవరికీ ఉండేది కాదు. ఆ సందేహం లేకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. ఓడిపోవడం ఒక రకం బాధ అయితే, ఓడిపోతానని అందరికీ ముందే తెలిసి ఉండటం వేరే రకం బాధ. కొంతకాలానికి ఆ తెలివిడి మనలోకి కూడా దిగుతుంది. చెక్క క్లాపర్ టప్పున కొట్టక ముందే, గీత మీద వంగి ఉన్నప్పుడే, నా పందెం అయిపోయినట్టుండేది.

ఒక సాయంత్రం పందేలన్నీ ముగిశాక మాస్టారు నన్ను పిలిచారు. తిడతారనుకున్నాను.

"అమ్మాయ్, అందరూ గీత దాటగానే నడుం పట్టుకుని కూలబడ్డారు. నువ్వు మాత్రం ఆగకుండా అలాగే వెళ్లిపోయి చుట్టంతా తిరిగి వచ్చావు. ఎందుకు?"

"ఏమో మాస్టారూ, ఆగాలనిపించలేదు."

నిజానికి అందరి ముఖాలూ చూడవలసి వస్తుందన్న సిగ్గుతో ఆగలేదు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. ఆయన నా ముఖం వంక ఒక క్షణం చూసి, "ఎగశ్వాస కూడా లేదు నీకు" అని తనలో తాను అనుకున్నట్టుగా అన్నారు. మరునాటి నుంచి మైదానంలో నాకొక పని అప్పగించారు.

*

ఆ పని ఏమిటంటే గీతలు గీయడం, చుట్ల పలకలు తిప్పడం, గంట కొట్టడం. ఇవాళ్టి ట్రాక్‌ల మీద పెరిగిన వాళ్లకు మొదటిది అసలు తెలియదు. రబ్బరు లాంటి కృత్రిమ ట్రాక్ ఒలింపిక్స్‌కు వచ్చింది 1968లో, మెక్సికో నగరంలో. దానికి ముందు 1964 టోక్యో దాకా మహామహులంతా రజను పరిచిన ట్రాక్‌ల మీదే పరుగెత్తారు. మా మైదానానికి ఆ రజను కూడా లేదు, ఉన్నదంతా మట్టే. పందేలకు ముందు రోజు సాయంత్రం రెండు మేకుల మధ్య తాడు బిగించి, అడుగున చిల్లులు పొడిచిన డబ్బాలో పొడి సున్నం పోసి, తాడు వెంబడి దాన్ని ఊపుకుంటూ నడవాలి. చెయ్యి తొందరపడితే గీత పలచబడుతుంది, ఆగితే కుప్పగా పడుతుంది. వంపుల దగ్గర తాడు పనికిరాదు. మధ్యలో పాతిన మేకుకు కట్టిన పొడవాటి తీగను గట్టిగా లాగిపట్టి, దాని కొసన అడుగులో అడుగు వేసుకుంటూ తిరగాలి. ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. "ఒక చుట్టంతా లోపలి లేన్‌కు బదులు దాని పక్క లేన్‌లో తిరిగితే ఎంత ఎక్కువ పరుగెత్తినట్టు?" అని మాస్టారు అడిగేవారు. 7.67 మీటర్లు. ఈ లెక్క నేను పుస్తకంలో నేర్చుకోలేదు. తీగ కొస పట్టుకుని నడిచి నేర్చుకున్నాను.

రాత్రి వాన కురిస్తే పొద్దునకు ఒక్క గీత మిగిలేది కాదు. మళ్లీ మొదటి నుంచీ గీసేవాళ్లం. మాస్టారు విసుక్కోవడం నేను ఎన్నడూ చూడలేదు. నిన్న గీసిన గీత మీద ఇవాళ ఎవరూ పరుగెత్తలేరు కదా అనేవారు, అంతే.

పలకలు తిప్పే పని ఇంకా ముఖ్యమైనది. దూరపు పందేలలో ఇంకా ఎన్ని చుట్లు మిగిలాయో తెలిపే రేకు పలకలు అవి. ముందున్నవాళ్లు గీత దాటినప్పుడే తిప్పాలి. వెనకబడి ఒక చుట్టు తక్కువలో ఉన్నవాళ్లు గీత దాటినప్పుడు పొరపాటున తిప్పితే లెక్కంతా తారుమారవుతుంది. ఆఖరి చుట్టుకు ఇనుప కడ్డీతో గంట మోగించాలి. ఈ పని చేస్తూ నేను ట్రాక్ అంచున, పరుగెత్తేవాళ్లకు రెండు మూడు అడుగుల దూరంలో, ఎన్నో సాయంత్రాలు నిలబడ్డాను. మొదటి రెండు చుట్లలో అందరూ గెలిచేవాళ్లలాగే ఉంటారు. నాలుగో చుట్టుకు నోళ్లు తెరుచుకుంటాయి. ఐదో చుట్టుకు భుజాలు చెవుల దాకా లేస్తాయి, పిడికిళ్లు బిగుసుకుంటాయి, చూపు ముందున్న మనిషి వీపు మీద నుంచి జారి నేల మీద పడుతుంది. మా పాఠశాలకంతటికీ మేటి అనుకున్న అక్కల ముఖాలు కూడా ఐదో చుట్టులో అలాగే ఉండేవి. వాళ్లకు నొప్పి ఉండదని నేను అంతవరకూ నమ్మాను. గెలిచేవాళ్లు వేరే మట్టితో చేసినవాళ్లు కారని నాకు ఎవరో చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదేమో; రేకు పలక పట్టుకుని కళ్లారా చూశాను కాబట్టి నమ్మక తప్పలేదు.

*

కొన్నాళ్లకు మాస్టారు నన్ను దూరపు పరుగులోకి దించారు. ఆయన శిక్షణలో నేను మరెక్కడా చూడని పద్ధతి ఒకటి ఉండేది. ఒక చుట్టు పరుగెత్తి గీత దాటగానే ఆయన మీట నొక్కి గడియారాన్ని పిడికిట్లో దాచేసేవారు.

"ఎంత?"

"మీరు చూశారు కదా మాస్టారూ."

"నేను చూసింది తరువాత. ముందు నువ్వు చెప్పు."

మొదట్లో నేను చెప్పినవన్నీ తప్పే. తొంభై సెకన్లు అంటే తొంభై ఎనిమిది ఉండేది, వంద అంటే తొంభై రెండు ఉండేది. బాగా పరుగెత్తానని సంబరపడిన రోజున నెమ్మదిగా వచ్చి ఉండేదాన్ని. ఏడుపు ముంచుకొచ్చిన రోజున వేగంగా వచ్చి ఉండేదాన్ని. నా గురించి నా అంచనా ఎంత అధ్వాన్నంగా ఉందో ఆ గడియారం రోజూ చూపించేది. నేను ఎప్పుడూ తక్కువగానే అంచనా వేసుకుంటున్నానని తేలి ఉంటే కథ ఒక విధంగా ఉండేది. అలా కాదు, నాకు నా విషయం అసలు తెలియదు. ఇతరులు ఏమనుకుంటున్నారన్నది, నిన్న ఏం జరిగిందన్నది, ఆ పూట మనసు ఎలా ఉందన్నది, వీటినే నేను వేగం అనుకుంటున్నాను.

మాస్టారు దీన్ని సరిదిద్దడానికి ఉపన్యాసాలు ఇవ్వలేదు. ఎడమ పాదం నేలను తాకడాన్ని లెక్కపెట్టమన్నారు. ఒక చుట్టుకు సుమారు నూట ముప్పై. శ్వాస ఎన్ని అడుగులకొకసారి తీస్తున్నానో గమనించమన్నారు. వంపు తిరిగేటప్పుడు గాలి ఏ చెంపకు తగులుతోందో చెప్పమన్నారు. మట్టి మీద నా పాదాల చప్పుడు నేనే వినాలి. ఇవన్నీ గమనిస్తుంటే పక్కవాళ్లు ఏమనుకుంటున్నారో ఆలోచించడానికి తీరిక ఉండేది కాదు. ఆయన ఉద్దేశం అదేనేమోనని ఇప్పుడనిపిస్తుంది. పిల్లను కూర్చోబెట్టి "నిన్ను నువ్వు నమ్ముకో" అంటే ఆ పిల్ల తలాడిస్తుంది, లేచి వెళ్లాక నమ్మడానికి చేతిలో ఏమీ ఉండదు. మాస్టారు నాకు నమ్ముకోవడానికి ఒక వస్తువు ఇచ్చారు: నేను ఇప్పుడు, ఈ అడుగు దగ్గర, ఎక్కడ ఉన్నానో నాకే తెలియడం.

నెలలు గడిచాయి. ఎనిమిది సెకన్ల తేడా ఐదైంది, ఐదు మూడైంది. ఒక రోజు తొంభై ఒకటిన్నర అన్నాను. ఆయన పిడికిలి తెరిచి, ఏమీ అనకుండా గడియారాన్ని నా వైపు తిప్పారు. తొంభై ఒకటి, మూడు టిక్కులు. తేడా సెకనులో పదో వంతు. నేను పరుగు పందెంలో ఎవరి మీదా అంతవరకూ గెలవలేదు గాని, ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళ్లిన దారి నాకు ఇప్పటికీ గుర్తుంది.

*

బిల్లీ మిల్స్ కథ మాస్టారు నోటితో చెప్పడం కంటే సున్నంతో నేల మీద గీసి చూపించారనడమే సరైన మాట. 1964 టోక్యో ఒలింపిక్స్, 10,000 మీటర్లు, ఇరవై ఐదు చుట్లు. ప్రపంచ రికార్డు 28 నిమిషాల 15.6 సెకన్లు, అది ఆస్ట్రేలియాకు చెందిన రాన్ క్లార్క్ పేరు మీద ఉంది. మిల్స్ పేరు ఎవరి అంచనాలోనూ లేదు. అమెరికాలోని పైన్ రిడ్జ్ ప్రాంతంలో లకోటా తెగలో పుట్టి, పన్నెండేళ్లకే తల్లినీ తండ్రినీ కోల్పోయిన మనిషి. ఆఖరి చుట్టు మొదలయ్యేటప్పటికి క్లార్క్, ట్యునీషియాకు చెందిన మొహమ్మద్ గమ్మూదీ, మిల్స్, ఈ ముగ్గురే ముందున్నారు. చుట్టు తక్కువలో ఉన్నవాళ్లు ట్రాక్ నిండా అడ్డంగా ఉన్నారు. దారి దొరకని క్లార్క్ పక్కకు నెడితే మిల్స్ తూలి బయటి లేన్‌లలోకి పోయాడు. ఆ సందులోంచి గమ్మూదీ ఇద్దరినీ తోసుకుని ముందుకు దూకాడు.

మాస్టారు ఇక్కడ ఆగి, డబ్బాతో మూడో గీతను మిగతా రెంటికీ దూరంగా, వెడంగా లాగారు. "ఇదిగో, మిల్స్ ఇక్కడున్నాడు. తూలాడు, వెనకబడ్డాడు, బయటి వైపుకు పోయాడు. ఈ క్షణంలో ఇతను ఏమనుకోవాలి?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆయన కూడా చెప్పలేదు. ఆ మూడో గీతనే అలా బయటి నుంచి ముందుకు లాక్కుంటూ వెళ్లి, ముగింపు గీత దగ్గర మిగతా రెంటినీ దాటించారు. 28 నిమిషాల 24.4 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. అంతకు ముందటి తన ఉత్తమ సమయం కంటే దాదాపు 46 సెకన్లు తక్కువ. ఆ పందెంలో స్వర్ణం గెలిచిన అమెరికన్ పురుషుడు ఇప్పటికీ ఆయన ఒక్కడే.

గీత దాటాక ఒక అధికారి దగ్గరికి వచ్చి "మీరెవరు?" అని అడిగితే, తాను చుట్లు తప్పు లెక్కపెట్టానేమో, ఇంకొక చుట్టు మిగిలిందేమో అని భయపడ్డానని మిల్స్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఈ ముక్క దగ్గర మిగతా పిల్లలందరూ నవ్వారు. గంట కొట్టే పిల్లను కాబట్టి నాకు మాత్రం ఆ భయం బాగా అర్థమైంది.

*

ఆడపిల్లకు అంత దూరాలెందుకని మాస్టారిని నిలదీసినవాళ్లు ఉన్నారు. వాళ్లు కొత్తగా కనిపెట్టిన అభ్యంతరం కాదది. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు తొలిసారి 800 మీటర్ల పందెం పెట్టారు. గీత దగ్గర బయలుదేరిన తొమ్మిది మందీ పందెం పూర్తి చేశారు. అయినా వాళ్లంతా సొమ్మసిల్లి పడిపోయారంటూ పత్రికలు రాశాయి, ఆ పందేన్ని తీసేశారు, మళ్లీ 1960 వరకు ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 200 మీటర్లు మించిన పరుగు లేదు. 1500 మీటర్లు 1972లో వచ్చింది. మారథాన్ 1984లో గాని రాలేదు. ఆ మొదటి మారథాన్ గెలిచిన జోన్ బెనోయిట్ అర్హత పందేనికి 17 రోజుల ముందు మోకాలికి శస్త్రచికిత్స చేయించుకున్న మనిషి. లాస్ ఏంజెలెస్‌లో ఆమె సుమారు ఐదు కిలోమీటర్ల దగ్గరే మిగతావాళ్లను వదిలి ఒంటరిగా వెళ్లిపోయి, 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో ముగించింది. ఇంకా ముప్పై ఏడు కిలోమీటర్లు మిగిలి ఉండగా ఒంటరిగా సాగిన ఆ నిర్ణయం గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె వేగంగా కొట్టుకుంటుంది.

నేను పరుగెత్తిన 3000 మీటర్ల పందెం కూడా ఇప్పుడు ఒలింపిక్స్‌లో లేదు. ఆడవాళ్లకు అది 1984, 1988, 1992లలో మూడే మూడుసార్లు జరిగింది. 1996 నుంచి దాని స్థానంలో 5000 వచ్చింది. ఏడున్నర చుట్ల ఆ దూరం నాకు ఇప్పటికీ ఎంతో ఇష్టం.

*

పాఠశాలల మధ్య జరిగే పెద్ద పోటీలో మా తరఫున పరుగెత్తవలసిన అక్కకు మడమ బెణికింది. ఆ స్థానంలో నా పేరు రాశారు. మా జట్టు నాయకురాలు నా భుజం తట్టి, "పూర్తి చేస్తే చాలు" అంది. మంచి మనసుతోనే అంది. పన్నెండు మంది పోటీదారుల్లో నా సమయం పన్నెండోది.

బయలుదేరిన తరువాత నాలుగు చుట్ల దాకా చెప్పుకోవలసింది ఏమీ లేదు. వెనక నుంచి మూడో స్థానంలో, ఎడమ పాదం లెక్కపెట్టుకుంటూ, చుట్టుకు ఎనభై ఎనిమిది సెకన్ల దగ్గర కుదురుకున్నాను. ఐదో చుట్టులో ముందరి వాళ్ల భుజాలు లేవడం కనిపించింది. ఆ భుజాలు నాకు పరిచయమే. ఒకరి తరువాత ఒకరు వెనక్కి వస్తున్నట్టు అనిపించింది గాని, వాళ్లే నెమ్మదించారు, నేను వేగం పెంచలేదు. ఆరో స్థానంలోకి వచ్చాను. అప్పటికే ఒక అమ్మాయి అందరికంటే ఒక చుట్టు వెనకబడి ఉంది.

అప్పుడు గంట మోగింది.

నా ముందున్న ఐదుగురూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. చూసేవాళ్ల కేకలు మిన్నంటాయి. నా కాళ్లు కూడా వాటంతట అవే వేగం అందుకోబోయాయి. సరిగ్గా ఆ క్షణంలో లోపల ఒక మాట వినిపించింది: ఎంత? ఎనిమిది నిమిషాలు. అంతకు నాలుగైదు సెకన్లు ఎక్కువ, అంతే. ఈ వేగంతో ఆఖరి చుట్టు గంట తొమ్మిదిన్నర నిమిషాలకు మోగాలి. ఇంకా రెండు చుట్లు ఉన్నాయి. వెనకబడిన అమ్మాయి గీత దాటినప్పుడు ఎవరో పలక తిప్పేశారు.

ఇది రాసినంత సులువుగా జరగలేదు. ఒక వైపు అధికారులు, గంట, పలక, ఐదుగురు మెరుగైన పరుగుగత్తెలు, వందల మంది కేకలు. ఇంకొక వైపు, పన్నెండో సమయంతో వచ్చిన ఒక పిల్ల మనసులోని లెక్క. వంపు మొత్తం నేను వణికాను. లెక్క తప్పై ఉంటే, అందరూ గీత దాటి నిలబడి చూస్తుండగా నేనొక్కదాన్నే తీరుబడిగా వస్తున్నట్టు ఉంటుంది. చివరి చుట్టులో ప్రయత్నమైనా చేయలేదని జీవితాంతం అంటారు. నా ముందు యాభై మీటర్ల ఖాళీ ఏర్పడింది. మైదానం అంచున మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూస్తే తెలిసిపోతుందనుకున్నాను. ఆయన నా వైపు చూడటం లేదు. తల వంచుకుని గడియారం చూసుకుంటున్నారు. నేను మళ్లీ ఎడమ పాదం లెక్కలోకి వెళ్లిపోయాను. ఒకటి, రెండు, మూడు. ఆ చుట్టంతా నాకు ఆ అంకెలు, మట్టి చప్పుడు, కుడి చెంపకు తగిలిన గాలి తప్ప వేరే ఏమీ గుర్తు లేదు. అంత నిండుగా ఒక నిమిషంన్నరను నేను మళ్లీ ఎప్పుడైనా గడిపానో లేదో చెప్పలేను.

ముందువాళ్లు ముగింపు గీత దాటి ఆగబోతుంటే, అధికారులు చేతులు ఊపుతూ వెళ్లండి వెళ్లండి అని అరుస్తున్నారు. గంట మళ్లీ మోగింది. ఈసారి నా లోపలి గడియారానికీ ఆ గంటకూ తేడా లేదు. ఐదుగురిలో నలుగురి కాళ్లలో ఇక ఏమీ మిగలలేదు. లోపలి లేన్ అప్పటికే గుల్లగా లేచిపోయి ఉంది, వాళ్లంతా అందులోనే ఉన్నారు. నేను పక్క లేన్‌లోకి జరిగాను. ఒక వంపుకు సుమారు నాలుగు మీటర్ల నష్టం, గట్టి నేల లాభం. మొదటి వంపులో ఇద్దరిని, ఎదుటి సాపులో ఒకరిని, ఆఖరి వంపు మధ్యలో ఇంకొకరిని దాటాను. మొదటి అమ్మాయిని మాత్రం అందుకోలేకపోయాను. ఆమె రెండుసార్లు ఆఖరి చుట్టు పరుగెత్తి కూడా గెలిచింది. ఆమె పట్ల నాకు ఈనాటికీ గొప్ప గౌరవం ఉంది.

మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుని వంగి ఉంటే మాస్టారి చెప్పులు కనిపించాయి.

"ఎంత?"

"పది... యాభై ఎనిమిది."

ఆయన పిడికిలి తెరిచారు. పది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు, రెండు టిక్కులు.

*

ఆ రెండో స్థానం నాకు సరిగ్గా దక్కిందేనా అన్న ప్రశ్న చాలాకాలం నన్ను వేధించింది. గంట తప్పు మోగకపోయి ఉంటే ఆ నలుగురిలో ఎవరైనా నా ముందు ఉండేవారేమో. వాళ్లలో ఒక అమ్మాయి గీత దగ్గర కూర్చుని ఏడ్వడం నేను చూశాను. ఆ పొరపాటు ఎంత సులువుగా జరుగుతుందో రేకు పలకలు తిప్పిన నాకు తెలుసు. మాస్టారిని ఒకసారి అడిగాను.

"వాళ్లకు అన్యాయం జరిగింది, నిజమే. నీ పది యాభై ఎనిమిది కూడా నిజమే. అంతకు ముందు నీ మంచి సమయం ఎంత?"

"పదకొండు పన్నెండు."

"పధ్నాలుగు సెకన్లు ఏ గంట ఇచ్చిందమ్మా నీకు?"

ఆ తరువాత ఉద్యోగంలో చేరిన కొత్తలో, నాకంటే పెద్ద చదువులు చదివినవాళ్లు, గట్టిగా మాట్లాడేవాళ్లు ఉన్న గదుల్లో కూర్చోవలసి వచ్చినప్పుడు ఆ పదకొండు పన్నెండు, పది యాభై ఎనిమిది నాకు తోడుగా ఉండేవి. ఒకసారి ఒక లెక్క అందరికీ సరైనదనే తోచింది, నాకొక్కదానికే తేడాగా కనిపించింది. చేతులు చల్లబడ్డాయి. అదే వంపు, అదే ఖాళీ యాభై మీటర్లు. మళ్లీ ఒకసారి లోపల కూడుకుని చూసుకుని, చెప్పేశాను. ఆ గదిలో గంట కొట్టేవాళ్లు ఎవరూ లేరు గాని, పాదాల కింద మట్టి మాత్రం అదే.

*

పోయిన వారం ఆ మైదానానికి వెళ్లాను. ట్రాక్ ఎర్రగా, మెత్తగా, చెరగని తెల్ల రంగు గీతలతో ఉంది. సున్నపు డబ్బా అవసరం ఎవరికీ లేదు. తెల్లవారుజాము, దూరంగా ఇద్దరు పిల్లలు కాళ్లు సాగదీసుకుంటున్నారు. జేబులో గడియారం ఉంది. ఎందుకు తెచ్చుకున్నానో నాకే స్పష్టంగా తెలియదు.

తోలు సంచి లోంచి తీసి, 18 నిమిషాల 37 సెకన్లను ఇంకొకసారి చూసుకుని, కళ్లు మూసుకుని మీట నొక్కాను. తెరిచి చూస్తే ముల్లు కదలలేదు. పాడైందనుకున్నాను. మళ్లీ నొక్కాను. అప్పుడు ముల్లు సున్నాకు ఎగిరింది.

అది ఎందుకలా జరిగిందో అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టింది. ఎవరి పరుగునో కొలిచి ఆపిన గడియారమైతే మొదటి నొక్కుకే సున్నాకు వెళ్లి ఉండాలి. మొదటి నొక్కు దాన్ని ఆపింది. అంటే నేను నొక్కేదాకా అది ఆగి లేదు. నడుస్తూ నడుస్తూ కీ అయిపోయి నిలిచిపోయింది. సాయంత్రం మైదానం వదిలేటప్పుడు మాస్టారు రోజూ మీట నొక్కి, దాన్ని అలా నడవనిస్తూనే సంచిలో పెట్టుకునేవారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. స్ప్రింగు బిగిసి ఉండగా దాచకూడదమ్మా, రాత్రంతా నడిచి ఖాళీ అవుతుంది, పొద్దున మళ్లీ కొత్తగా కీ ఇచ్చుకుందాం అనేవారు. ఆ పద్దెనిమిది నిమిషాలు, ముప్పై ఏడు సెకన్లు ఎవరివీ కావు.

కీ తిప్పాను. పళ్లు ఒక్కొక్కటిగా పట్టుకోవడం వేళ్లకు తెలిసింది. చెవి దగ్గర పెట్టుకుంటే సెకనుకు ఐదు, ఏమాత్రం తడబాటు లేకుండా. గీత మీద నిలబడి మీట నొక్కి, గడియారాన్ని పిడికిట్లో దాచుకుని బయలుదేరాను. ఇప్పుడు నా పరుగు పరుగనడానికి లేదు, మోకాళ్లు అడుగడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉంటాయి. ఎడమ పాదం లెక్క రెండు వందలు దాటింది. ఎదుటి సాపులో గాలి కుడి చెంపకు తగిలింది. కాళ్లు సాగదీసుకుంటున్న పిల్లల్లో ఒకమ్మాయి నన్ను చూసి దారి ఇచ్చి పక్కకు జరిగింది.

గీత దాటి మీట నొక్కాను. పిడికిలి ఇంకా తెరవలేదు.

"రెండు నిమిషాల యాభై ఒకటి" అన్నాను, పైకే.